ఉపగ్రహము చూచిన ఊళ్ళు

రాత్రివేళ అంతరిక్షమునుండి తీసిన భూగోళ చిత్రమును శ్రోతలలో పలువురు చూచియుందురు. నల్లని నేలపై దీపముల చుక్కలు, గీతలు, గుంపులు కనబడును. ఈజిప్టు దేశమున నైలు నది పొడవునను వెలుగు తీగవలె సాగియుండును. గంగా మైదానముమీద ఎవరో చుక్కలు చల్లినట్లుండును. ఆ చిత్రమును చూడగనే మనకు సహజముగా తోచు భావమొకటి కలదు: వెలుగున్నచోట మనుష్యులున్నారు, చీకటి యున్నచోట ఎవరును లేరు. ఈ భావము సగమే నిజము. తక్కిన సగమును నమ్మినందువలన ఎవరికేమి నష్టము కలుగునో తెలిసికొనుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

2022 నవంబరు 15వ తేదీన ప్రపంచ జనసంఖ్య 800 కోట్లకు చేరినట్లు ఐక్యరాజ్యసమితి పరిగణించెను. ఇంతమందియు ఎచ్చటెచ్చట నివసించుచున్నారు? ప్రశ్న సులభముగనే కనబడును. కాని నదికి వరద వచ్చినప్పుడు ఎన్ని పడవలు పంపవలెను, భూకంపము సంభవించినప్పుడు ఎన్ని డేరాలు కావలెను, ఒక జిల్లాకు ఎన్ని మోతాదుల టీకామందు చేర్చవలెను అను ప్రశ్నలన్నియు దానిమీదనే ఆధారపడియున్నవి. జవాబు తప్పినచో తప్పినవాని కేమియు కాదు. లెక్కలో చేరనివానికే కష్టము.

జనులను లెక్కించుట మన దేశమున క్రొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము గోపుడను ఉద్యోగికి ఐదు లేక పది గ్రామముల నప్పగించి, అచ్చటి ఇండ్లను, జనులను, వారి వృత్తులను వ్రాసియుంచుమని విధించినది. తెలుగునాట గ్రామకరణములు దండకవిలెలలో ఊరి వృత్తాంతములను వ్రాసియుంచిరి. కాలిన్ మెకంజీ దొర సేకరింపించిన కైఫీయతులకు అట్టి కవిలెలే ఆధారములయ్యెను. ఆంగ్లేయుల పాలనలో 1872లో మొదటి జనగణనము ముగిసెను. 1881లో దేశమంతటను ఒకే కాలమున లెక్క తీసిరి. ఆనాటినుండి 2011 వఱకు పదేండ్ల కొకసారి ఆ పని తప్పలేదు. 1931 వఱకు ఒక్క రాత్రి లెక్క అను పద్ధతి యుండెను. ఆ రాత్రి ఎవరు ఎచ్చటనున్న వారిని అచ్చటనే లెక్కించెడివారు.

ఈ లెక్కలకు ఒక హద్దు గలదు. ఒక తాలూకాలో లక్షమంది యున్నారని పట్టిక చెప్పును. ఆ తాలూకాలో సగము అడవి, కొంత కొండ, కొంత చెరువు, తక్కినది కాలువక్రింది పల్లము కావచ్చును. లక్షమందియు ఆ పల్లముననే కాపురముండవచ్చును. పటము గీయువాడు తాలూకా కంతటికిని ఒకే రంగు పూసినచో అడవికిని జనము నంటగట్టినవాడగును, పల్లములోని క్రిక్కిరిసిన ఊళ్ళను పలుచన చేసినవాడును అగును.

పటకారులు ఈ చిక్కును చిరకాలము క్రిందటనే గుర్తించిరి. 1830లో ఫ్రాన్సు దేశమున ఫ్రేర్ ద మాంటిజోను ఒక్కొక్క చుక్క పదివేలమందికి గుర్తుగా పెట్టి దేశపటమును గీసెను. అయినను జిల్లాలోపల చుక్కలను సమముగనే పఱచెను గాని జనమున్న చోటున కూర్చలేదు. 1936లో అమెరికాలో జాన్ కె. రైట్ అను భూగోళశాస్త్రజ్ఞుడు కేప్ కాడ్ అను సముద్రతీర ప్రాంతమును తీసికొని మఱియొక మార్గము చూపెను. మొదట ఎవరును నివసింపని నేలను పటమునుండి తీసివేయవలెను. పిమ్మట ఊరిలెక్కను మిగిలిన నేలపై దాని స్వభావమును బట్టి పంచవలెను. ఇదియే అతని సూత్రము. ఒక తీరమున కాతడు చేతితో చేసిన పనిని భూమికంతటికిని చేయుట ఎట్లు? ఏ నేలపై కాపురములు గలవో, ఏ నేలపై లేవో భూమియంతయు తిరిగి చూచివచ్చు వాడెవడు? ఆ వాడు ఉపగ్రహ రూపమున వచ్చెను.

మొదట రాత్రి దీపముల కథ. అమెరికా సైనికశాఖవారు మేఘముల నెఱుగుటకై కొన్ని ఉపగ్రహములను పంపిరి. వెన్నెల వెలుగులో మేఘములను చూడగల కన్ను వాటి కమర్చిరి. ఆ కంటికి మేఘములతోపాటు నగరముల దీపములును చిక్కెను. ఎదురుచూడని లాభమిది. 1978లో థామస్ క్రాఫ్ట్ అను శాస్త్రజ్ఞుడు ఈ రాత్రి చిత్రములను గూర్చి ఒక ప్రసిద్ధ విజ్ఞాన పత్రికలో వ్రాసి లోకమునకు తెలిపెను. 1992 నుండి ఆ చిత్రములను అంకెల రూపమున భద్రపఱచుచు వచ్చిరి. 2011 అక్టోబరులో అంతకంటె నిశితమైన కన్ను గల సుయోమీ అను ఉపగ్రహము కక్ష్యను చేరెను.

ఐతే దీపము మనిషి కాదు. నూనెబావులవద్ద వ్యర్థవాయువును తగులబెట్టు మంటలు ఆకాశమునుండి మహానగరములవలె కనబడును. నడిసముద్రమున దీపములు వెలిగించి చేపలు పట్టు పడవలు ఊళ్ళవలె కనబడును. విద్యుత్తు లేని పల్లెలో వేయిమంది యున్నను ఆ కంటికి కానరారు. మన హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు 2012 మొదలు 2021 వఱకు భారతదేశపు రాత్రివెలుగును పరిశీలించి, అది సుమారు 43 శాతము పెరిగినదని ప్రకటించిరి. ఆ కాలములో మన జనము 43 శాతము పెరుగలేదు. వీధిదీపములు పెరిగినవి, పల్లెలకు తీగలు చేరినవి. వెలుగు దేశపు సౌకర్యమును కొలిచెను, తలలను కొలువలేదు.

ఇక పగటి చూపు. 1972 జూలై 23న అమెరికావారు ప్రయోగించిన ఉపగ్రహమునకు తరువాత లాండ్‌సాట్ అను పేరు వచ్చెను. దాని చిత్రములో ఒక్కొక్క గడి సుమారు 80 మీటర్లు. ఒక చిన్న పల్లె అందులో రెండు మూడు గడులకు మించదు. 1982 నాటికి గడి 30 మీటర్లకు తగ్గెను. హైదరాబాదులో 1974లో స్థాపింపబడిన సంస్థయే నేటి జాతీయ దూరసంవేదన కేంద్రము. షాద్‌నగరువద్ద దాని భూకేంద్రమున ఉపగ్రహములు పంపు సంకేతములను అందుకొనుచుందురు. 1988 మార్చి 17న మన తొలి దూరసంవేదన ఉపగ్రహము ఐ.ఆర్.ఎస్.–1ఎ కక్ష్యను చేరెను. 2008లో లాండ్‌సాట్ చిత్రముల నన్నిటిని ఉచితముగా ఇచ్చుటకు అమెరికా ప్రభుత్వము నిర్ణయించెను. అంతవఱకు సొమ్ము గలవారికే దక్కిన దృశ్యము విద్యార్థికిని అందెను. 2015లో ఐరోపావారు పంపిన సెంటినెల్–2 చిత్రములో గడి 10 మీటర్లే.

యంత్రము ఇంటినెట్లు గుర్తించును? పచ్చని ఆకు కంటికి కానరాని పరారుణ కిరణములను మిక్కుటముగా తిప్పికొట్టును. నీరు వానిని మ్రింగివేయును. సిమెంటు, రేకు, పెంకు ఒక్కొక్కటి ఒక్కొక్క పాళ్ళలో తిప్పికొట్టును. ఈ పాళ్ళను బట్టి ఇది పొలము, ఇది చెరువు, ఇది కప్పు అని విడదీయుదురు. రాడారు గల ఉపగ్రహములు మఱియొక విధముగా చూచును. అవి పంపిన తరంగము నేలను, గోడను రెంటిని తాకి తిరిగి వచ్చునప్పుడు బలముగా వచ్చును. గోడ యున్నచోట చిత్రము తళుక్కుమనును. జర్మనీ దేశపు అంతరిక్షసంస్థవారు ఈ పద్ధతితో 12 మీటర్ల గడులలో ప్రపంచపు ఊళ్ళ నన్నిటిని గుర్తించి పటము కట్టిరి.

కప్పులు దొరికినవి. వాటిక్రింద మనుష్యుల నుంచుట తరువాతి పని. 1995లో అమెరికాలోని సాంటా బార్బరాలో వాల్డో టోబ్లరును అతని సహచరులును సుమారు 19 వేల పాలనా విభాగముల లెక్కలను సమకూర్చి, భూమినంతటిని చదరపు గడులుగా విభజించి, గడి కింతమంది అని మొట్టమొదట పంచిచూపిరి. 1998లో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలవారు సుమారొక కిలోమీటరు గడులతో లాండ్‌స్కాన్ అను పటమును కట్టిరి. రాత్రి నిద్రించు చోటునే గాక, పగలు రాత్రి కలిపి సగటున జనము మెలగు చోటును అది చూపును. 2016లో ఐరోపా సంఘమువారి పరిశోధన కేంద్రము, ఇటలీలోని ఇస్ప్రాలో, 1975 మొదలుకొని ఊళ్ళు పెరిగిన తీరును చూపు ప్రపంచ పటమును వెలువరించెను.

పంపకము జరుగు తీరు నొక ఉదాహరణముతో చూతము. ఒక మండలములో 60,000 జనమున్నారనుకొందము. ఆ మండలములోని కట్టడముల మొత్తము విస్తీర్ణములో నూఱవ వంతు ఒక గడిలో నున్నది. ఆ గడికి 600 మందిని కేటాయింతురు. కట్టడము లేని గడికి సున్న. మూల సూత్రమింతే. ఇందులో 60,000 అను అంకె ఎచ్చటినుండి వచ్చినది? ఇంటింటికి నడిచి, తలుపు తట్టి, పేరు వ్రాసికొన్న మనిషి తెచ్చినది. ఉపగ్రహము దానిని పంచినది మాత్రమే. ఈ సంగతిని మఱచినచో తక్కిన కథ అర్థము కాదు.

గడులవలన ఇంకొక మేలు గలదు. పాలకులు హద్దులు మార్చుచుందురు, గడి మాఱదు. 2014లో ఏర్పడినప్పుడు తెలంగాణమునకు 10 జిల్లాలుండగా 2019 నాటికి 33 అయ్యెను. ఆంధ్రప్రదేశములో 13 జిల్లాలు 2022లో 26 అయ్యెను. 2011 నాటి పట్టికలు పాత హద్దుల ననుసరించినవి. క్రొత్త జిల్లాకు నాడెంత జనమో తెలియవలెనన్నచో గ్రామగ్రామముగా తిరిగి కూర్చవలెను. గడులుగా పంచిన లెక్కయైనచో క్రొత్త హద్దును దానిపై పెట్టి కూడిన చాలును.

ఇట్టి పటములు ప్రాణములను నిలిపిన సందర్భములు గలవు. ఉత్తర నైజీరియాలో పోలియో టీకా వేయు బృందములు చిరకాలము చేతితో గీసిన పటములను పట్టుకొని తిరిగినవి. ఆ పటములలో లేని పల్లెకు ఎవరును పోలేదు. పోనందున అచ్చటి బిడ్డలకు చుక్కల మందు అందలేదు. 2012 ప్రాంతమున ఉపగ్రహ చిత్రములనుండి క్రొత్త పటములు తయారు చేయగా, చేతిపటములలో ఎన్నడును లేని పల్లెలనేకము బయటపడినవి. బృందములు అచ్చటికి నడిచినవి. 2020 ఆగస్టు 25న ఆఫ్రికా ఖండము సహజ పోలియో క్రిమినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను. ఆ విజయమున కీ పటములే కారణమనరాదు. వీధివీధి తిరిగిన స్త్రీల పాదములు ప్రధాన కారణము. కాని ఆ పాదములకు దారి చూపినవి ఈ పటములే.

2010 జనవరి 12న హైతీ దేశమున భూకంపము సంభవించినప్పుడు, రాజధానికి సరియైన వీధిపటము లభ్యము కాలేదు. దేశదేశముల స్వచ్ఛంద సేవకులు తమ యిండ్లలో కూర్చుండి ఉపగ్రహ చిత్రములను చూచుచు, కొలది దినములలోనే వీధులను, కూలిన కట్టడములను గుర్తించి పటము కట్టిరి. సహాయక బృందములు దానిని వాడుకొనెను. కాంగో ప్రజాస్వామ్య గణరాజ్యమున 1984 తరువాత దేశవ్యాప్త గణనము జరుగనే లేదు. అచ్చట కొన్ని ప్రాంతములలో ఎంపిక చేసిన చిన్న చిన్న తావులలో మాత్రము ఇంటింటి లెక్క తీసి, ఉపగ్రహము చూపిన కప్పులతో సరిపోల్చి, తక్కిన నేలకు జనమును అంచనా కట్టిరి.

ఊరెక్కడ ముగియును, నగరమెక్కడ మొదలగును అను ప్రశ్నకును ఈ విద్య క్రొత్త జవాబిచ్చెను. ఒక్కొక్క దేశమున నగరమునకు ఒక్కొక్క నిర్వచనము. మన దేశమున 5,000 జనము, చదరపు కిలోమీటరునకు 400 మంది, పురుష శ్రామికులలో 75 శాతము వ్యవసాయేతరులు ఉన్నచో పట్టణమని గణకులందురు. ఆ లెక్కను 2011లో మన జనములో 31 శాతమే పట్టణవాసులు. 2020లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘము, దేశములను పోల్చుటకై, గడుల ఆధారముగా ఒకే కొలతను ఆమోదించెను: చదరపు కిలోమీటరునకు 1,500 మంది చొప్పున ఒకదాని నొకటి అంటియున్న గడులలో 50,000 మంది యున్నచో అది నగరము. ఆ కొలతతో 2025లో పట్టిక వేయగా, చిరకాలము ప్రథమస్థానమున నిలిచిన టోక్యో మూడవదాయెను. 4 కోట్ల 20 లక్షలతో జకార్తా మొదటిదాయెను, ఢాకా రెండవదాయెను. ఒక్క రాత్రిలో ఎవరును ఇల్లు మాఱలేదు. కొలకఱ్ఱ మాఱినది.

ఇప్పుడు మొదట చెప్పిన నష్టమునకు వత్తము. 2025లో ఫిన్లాండులోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ప్రపంచ పటములు ఐదింటిని పరీక్షకు పెట్టిరి. పరీక్షకు సరియైన నిజమైన లెక్క ఎక్కడ దొరకును? వారు ఆనకట్టలను ఆశ్రయించిరి. జలాశయము కట్టునప్పుడు మునుగు ఊళ్ళవారికి పరిహార మియ్యవలెను గనుక అచ్చట జనమును శ్రద్ధతో లెక్కింతురు. 35 దేశములలో 307 ఆనకట్టల లెక్కలను తీసి, 1975 మొదలు 2010 వఱకు అదే నేలకు పటములు చూపిన జనముతో పోల్చిరి. గ్రామీణ జనమును ఆ పటములు సగటున 53 మొదలు 84 శాతము వఱకు తక్కువగా చూపినవని తేలెను. ఆనకట్టలుండు మాఱుమూల లోయలలో కనబడిన ఈ లోపము అన్ని పల్లెలకును అంతే వర్తించునా యని విద్వాంసులలో చర్చ లేకపోలేదు. అయినను లోపము ఏ వైపునకు మొగ్గుచున్నదో స్పష్టము: పల్లెవైపు.

ముంపు అను మాట తెలుగువారికి క్రొత్త కాదు. నాగార్జునకొండ లోయ మునుగునని తెలిసినప్పుడు 1954 నుండి 1960 వఱకు త్రవ్వకములు జరిపి, ప్రాచీన కట్టడములను రాతి వెంబడి రాయిగా కొండపైకిని, అనుపు గట్టునకును తరలించిరి. శ్రీశైల జలాశయము క్రింద కర్నూలు, మహబూబునగరు జిల్లాల ఊళ్ళనేకము మునిగినవి. ఆ ఊళ్ళ పేర్లు నేడు వృద్ధుల నోళ్ళలోను, పాత పత్రములలోను ఉన్నవి. ఇట్టి పత్రములే, ఇతర దేశములలోనివి, నేడు అంతరిక్షపు కన్ను ఎంత తప్పినదో తేల్చుటకు సాక్ష్యమునకు వచ్చినవి.

పల్లె ఎందుకు తప్పిపోవును? కారణములు సామాన్యములే. మట్టిగోడ, పూరికప్పు చుట్టునున్న నేల రంగులో కలిసిపోవును. కోనసీమలో కొబ్బరితోటల నీడనున్న ఇంటి కప్పును పైనుండి చూచుట కష్టము. నల్లమలలోని చెంచుపెంటలో నాలుగైదు గుడిసెలు చెట్లక్రింద నుండును; 30 మీటర్ల గడిలో అవి ఆకులే. పైగా పంచవలసిన మొదటి అంకెయే తక్కువైనచో, ఎంత నేర్పుగా పంచినను తక్కువయే వచ్చును. దూరపు ఊరికి గణకుడు పోకపోయిన దోషము ఉపగ్రహ పటములోనికిని దిగును. అందమైన రంగులవలన అది మఱి కనబడదు.

మన దేశమున ఇది నిన్నటి మొన్నటి విషయమే. 2013 నాటి ఆహారభద్రతా చట్టము 2011 లెక్క ననుసరించి 81 కోట్ల 35 లక్షల మందికి ధాన్యమును నిర్దేశించెను. 2021లో జరుగవలసిన గణనము మహమ్మారి కారణమున ఆగిపోయెను. ఆ తరువాత 2025లో ప్రభుత్వము 2027 మార్చి 1వ తేదీని క్రొత్త గణనమునకు ప్రమాణముగా ప్రకటించెను. నడుమ పుట్టిన బిడ్డలు, కరువువలన ఊరు విడిచి నగరపు అంచున రేకుల పాకలలో చేరిన కూలీలు పాత అంకెలలో లేరు. ఉపగ్రహము ఆ పాకలను చూచినది. వానిలో ఎవరున్నారు, ఎందఱు, ఏ పేరువారు, బియ్యపు కార్డు గలవారా లేనివారా అన్నది చూడలేదు. చూడజాలదు.

ప్రసారశాఖలో పనిచేయు మాకు ఈ సంగతి కొంత అనుభవవేద్యము. మా కేంద్రపు తరంగములు ఎంత దూరము పోవునో చూపు పటము మావద్ద గలదు. ఆ వలయములోపల నున్నవారందఱును మా శ్రోతలని అనుకొనుట మాకు సులభము, సుఖము. కాని ఎవరు వినుచున్నారో ఆ పటము చెప్పదు. ఏదో మాఱుమూల ఊరినుండి, వంకర అక్షరములతో, నిన్నటి వ్యవసాయ కార్యక్రమములో తమకు అర్థము కాని మాటను గూర్చి ఒక ఉత్తరము వచ్చును. పలుమార్లు ఆ ఊరు వలయపు అంచునకు ఆవల నుండును. పటము ప్రకారము అచ్చట మా మాట వినబడరాదు.

ఆకాశమునుండి చూచు విద్యను మేము తక్కువ చేయుట లేదు. ఏబదియేండ్లలో అది ప్రపంచమునకు ఎన్నడును లేని చూపు నిచ్చినది. దారి లేని పల్లెలకు మందును చేర్చినది. దాని పటమును చేతబట్టుకొనియే బయలుదేరవలెను. చీకటిగా నున్న గడివద్దకు వచ్చినప్పుడు మాత్రము ఇచ్చట ఎవరును లేరని వెనుదిరుగక, ఒక్కసారి పోయి తలుపు తట్టవలెను. 2027లో గణకులు మీ గుమ్మమునకు వచ్చినప్పుడు ఇంటనున్నవారి పేర్లన్నియు, పాలేరును, పసిబిడ్డను, చూడవచ్చి నిలిచిపోయిన ముసలి మేనత్తను విడువక, చెప్పుడు. మీ ఊరి చివరనున్న గుడిసెకు దారి యేదో వారికి చూపుడు. ఆ దారి ఏ ఉపగ్రహమునకును తెలియదు.